పిడిలో చెయ్యి

లాకరు ఖాళీ చెయ్యమని షూటింగ్ క్లబ్బు నుంచి ఫోనొచ్చినప్పుడు నేను ల్యాబులో ఎవరివో కింది పళ్లకు నునుపు పెడుతున్నాను. తమ్ముడు పోయిన తరవాత వచ్చే ఫోన్లన్నీ ఒకటే తీరు. బ్యాంకు వాళ్లు, ఆఫీసు వాళ్లు, సిమ్ కార్డు వాళ్లు. అందరూ ముందు గొంతు తగ్గిస్తారు, తరవాత అసలు పని చెబుతారు. నేను అలవాటు కొద్దీ "సరేనండీ" అన్నాను.

నేను కట్టుడు పళ్లు చేస్తాను. పళ్ల డాక్టర్లు నోటి అచ్చు తీసి పంపిస్తే, అందులో ప్లాస్టరు పోసి దవడ తయారుచేసి, దాని మీద పళ్లు నిలబెట్టడం నా పని. మనుషులు నా దగ్గరికి రారు, వాళ్ల అచ్చులు వస్తాయి. ఆ మధ్య నాకు ఆ పద్ధతి బాగా నచ్చింది. తమ్ముడు ఉన్నట్టుండి పోతే నాకు ఏడుపు రాలేదు. ఆపుకున్నానని కాదు, నిజంగానే రాలేదు. చుట్టాలందరి మధ్యా నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని కాఫీ తాగాను. అమ్మ పోయాక వాణ్ని పెంచింది నేనే కనక, "రాయి అయిపోయింది పాపం" అని కొందరు, "అది మొదట్నుంచీ రాయే" అని కొందరు అన్నారు. రెండు మాటలూ విన్నాను. చీమ కుట్టినట్టయినా లేదు.

క్లబ్బుకి మరదలు కూడా వచ్చింది. తను పోస్టాఫీసులో కౌంటరు దగ్గర కూర్చుంటుంది. ఏది ఎక్కడికి పోవాలో చిటికెలో తేల్చేసే మనిషి. లాకరులో ఒక తువ్వాలు, ఛర్రాలనే చిన్న సీసం గుళ్ల డబ్బాలు, పెట్టెలో తమ్ముడి ఎయిర్ పిస్టల్ ఉన్నాయి. తువ్వాలు మడిచి సంచిలో పెట్టుకుని, పెట్టెని కోచ్ వైపు జరిపింది.

"కొత్తగా నేర్చుకునేవాళ్లకి వాడండి మాస్టారూ. ఇంట్లో పెట్టుకుని నేనేం చేసుకోను?"

"నిదానం అమ్మా," అన్నాడాయన. "మంచిదే. గ్రిప్ కాస్త చెక్కించి వాడతాం."

ఆయన్ని అందరూ నిదానం మాస్టారు అంటారని తరవాత తెలిసింది. అగ్గిపెట్టె అడిగినా ముందు "నిదానం" అని, ఆ తరవాతే జేబులో చెయ్యి పెడతాడట.

గ్రిప్ అంటే పిడి, చేతిలో ఇమిడే చెక్క. నేను పిస్టల్ తీసి చూశాను. అరచెయ్యి ఆనేచోట పుట్టీతో మెత్తి ఉంది, వేళ్లకి విడివిడిగా గాడులున్నాయి, బొటనవేలి కింద లోతుగా తొలిచి ఉంది. నా కళ్లకి అది చెక్కలా కనపడలేదు, అచ్చులా కనపడింది. ఊళ్లో సగం మంది దవడలు నా అల్మారాల్లో ఉన్నాయి. మా వాడిది ఒక్క వేలి ముద్ర కూడా లేదు. పిడిలో నా చెయ్యి పెట్టి చూశాను. ఏదో అనిపిస్తుందనుకున్నాను, ఏమీ అనిపించలేదు. చెక్కిస్తామన్న మాట మాత్రం పంటికింద రాయిలా తగిలింది.

"నేను చేరతాను," అన్నాను.

"ఎందులో?" అంది మరదలు.

"ఇందులోనే. షూటింగులో."

"పిచ్చి కుదిరింది, రోకలి తలకి చుట్టమన్నట్టుంది వదినా! సూదిలో దారం ఎక్కించాలంటే నన్ను పిలుస్తారు, మీరు గురి చూస్తారా?"

ఆ పిడి నాకిచ్చెయ్యమని నోరు తెరిచి అడిగితే ఇచ్చేదేమో. అడిగితే ఎందుకని అంటుంది. ఎందుకో చెప్పడానికి నా దగ్గర మాట లేదు. చేరడమే సులువనిపించింది.

"చేరొచ్చు," అన్నాడు మాస్టారు. "కాకపోతే మాకో పద్ధతుంది. పిస్టల్ లాకరులోనే ఉండాలి, లాకరు కాల్చేవాళ్లకే. సీజన్లో ఒక్క పోటీకైనా రాకపోతే లాకరు పోతుంది."

"అయితే ఆవిడ కాల్చినన్నాళ్లు ఆవిడది, మానేస్తే మీది," అని మరదలు అక్కడికక్కడే తీర్పు చెప్పేసింది.

సాయంత్రాలు ల్యాబు మూసి క్లబ్బుకి వెళ్లడం మొదలుపెట్టాను. మాస్టారు చాలా రోజులు నా చేతికి పిస్టలే ఇవ్వలేదు. ముందు కన్ను చూశాడు. రెండు చేతులూ చాచి, మధ్యలో చిన్న సందు చేసి, అందులోంచి గోడ గడియారం చూడమన్నాడు. ఒక్కో కన్నూ మూయమన్నాడు. ఎడమ కన్ను మూస్తే గడియారం ఉంది, కుడి కన్ను మూస్తే మాయమైంది. "కుడిచేతి వాటం, కుడికన్ను వాటం. రెండూ ఒకే పక్కన ఉన్నాయి, అదృష్టవంతులు," అన్నాడు. నన్ను అదృష్టవంతురాలు అన్న మనిషి ఆ ఏడాదిలో ఆయనొక్కడే. తరవాత నా మడమ చెప్పులు చూసి మొహం చిట్లించి, అడుగు చదునుగా ఉన్న బూట్లు తెచ్చుకోమన్నాడు. ఎడమ కంటికి అడ్డంగా కట్టుకోమని ఒక అట్టముక్క ఇచ్చాడు.

"కన్ను మూస్తే మొహమంతా బిగుసుకుంటుందమ్మా. మూయకండి, అడ్డం పెట్టుకోండి చాలు."

నాతోపాటే చేరిన కాంట్రాక్టరు ఒకాయన అప్పటికే ఖరీదైన పిస్టలు, దానికి జత బూట్లు, సైకిలు చక్రమంత అద్దం బిగించిన కళ్లజోడు కొనేశాడు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. తీరా చూస్తే ఆయన వాటం ఎడమకన్ను, పిస్టల్ కుడిచేతిది. మాస్టారు ఆయన కేసి చూసి "నిదానం" అని మాత్రం అన్నాడు.

ఆ తరవాత ఛర్రా లేకుండా ఉత్త తెల్ల గోడ ఎదురుగా నిలబెట్టాడు. పిస్టల్ ఎత్తడం, గొట్టం కొసన నిలబడి ఉండే ముందు బద్ద మీద చూపు నిలపడం, ట్రిగ్గరు మీట మెల్లగా నొక్కడం, దించడం. బద్ద స్పష్టంగా కనపడాలట, దూరంగా ఉన్న లక్ష్యం మసగ్గా ఉండాలట. నాకది కష్టం కాలేదు. అప్పటికే అన్నీ మసగ్గానే ఉన్నాయి. గంటలు గంటలు గోడ ముందు నిలబడేదాన్ని. మిగతావాళ్లకి విసుగొచ్చేది, నాకు విసుగు కూడా రాలేదు.

"మీ చెయ్యి వణకదమ్మా," అన్నాడొకరోజు. "ఇది నేర్పితే వచ్చేది కాదు."

మెచ్చుకున్నాడని తెలిసింది కానీ సంతోషం కలగలేదు. వేలు పెట్టి గిల్లినా తెలియనంత మొద్దుబారిన పంటి చిగురు లాగా ఉన్నాను. వణకడానికి లోపల ఏదైనా ఉండాలి కదా.

అంతా బాగానే ఉన్నా ఛర్రాలు మాత్రం ఎడమ పక్కకే పోయేవి. పిడి నా చేతికి అమరదు, పట్టిన ప్రతిసారీ చెయ్యి కాస్త తిరిగిపోయేది.

"ముందు చెయ్యి, తరవాతే తుపాకి," అన్నాడు మాస్టారు. "ఈ మోడల్ ఆపేశారు, దీనికి ఇంకో గ్రిప్ దొరకదు. ఉన్నదాన్నే మీ చేతికి చెక్కుకోవాలి. ఆకురాయి మీ దగ్గరే ఉంటుందిగా?"

"చెక్కను," అన్నాను.

"అదేంటమ్మా?"

"చెక్కను, అంతే."

ఆయన నా మొహం చూసి ఇంకేం అడగలేదు. ఒక్క రాత్రికి పిడి మర విప్పుకుని తీసుకెళతానంటే ఒప్పుకున్నాడు. దానికి అచ్చు తీసి దాచుకోవచ్చు, నాకది చేతిలో పని. కానీ అచ్చుకి అచ్చు తీస్తే ప్రతిసారీ కొంత పోతుంది. నాకు అసలుదే కావాలి. అందుకని నా తెలివంతా ఉపయోగించాను. కట్టుడు పళ్ల లోపలి వైపు చిగురు నొప్పి పుట్టకుండా వేసే మెత్తటి పదార్థం ఉంటుంది. పిడికి అంటుకోకుండా నూనె రాసి, ఆ పదార్థం పరిచి, నా చేత్తో గట్టిగా అదిమి పట్టుకుని కూర్చున్నాను. గట్టిపడ్డాక ఊడదీస్తే గులాబీ రంగు తొడుగు వచ్చింది. ఒక పక్క నా చెయ్యి, ఇంకో పక్క వాడిది. కావాలంటే పెట్టుకోవచ్చు, పని అయ్యాక తీసెయ్యొచ్చు. పళ్ల సెట్టుకీ దానికీ తేడా లేదు.

తొడుగు పెట్టుకున్నాక ఛర్రాలు మధ్యకి వచ్చాయి. మాస్టారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "పోటీలో ఏమంటారో," అన్నాడు. నేను వినిపించుకోలేదు.

పోటీ ఇంకో క్లబ్బు హాల్లో పెట్టారు. సెలవు రోజు కావడంతో మరదలు కూడా వచ్చింది. నా వింత చూడ్డానికేనని దారంతా చెప్పింది. కాల్చే ముందు సామాను తనిఖీ చేస్తారు. బల్ల వెనక కూర్చున్న పెద్దాయన మీటకి చిన్న బరువు తగిలించి చూశాడు, కొలత కోసం పిస్టల్ని ఒక చెక్కపెట్టెలో దించి చూశాడు, బాగుందన్నాడు. పైకి తీస్తుంటే తొడుగు ఊడి ఆయన చేతిలో పడింది. అచ్చం చిగురు రంగులో ఉన్న దాన్ని పట్టుకుని ఆయన కంగారుపడ్డాడు.

"ఏమిటమ్మా ఇది?"

"తుమ్మితే ఊడే ముక్కు," అంది వెనక నుంచి మరదలు.

ఆయన నవ్వలేదు. "ఇలా విడిగా ఊడొచ్చేది కుదరదమ్మా. అతికించెయ్యండి, లేదా తీసేసి చెక్కనే మీ చేతికి సరిచేసుకురండి. మీది ఆఖరి బృందం, బోలెడు టైముంది."

హాలు బయట వరండాలో బెంచీ మీద కూర్చున్నాను. అతికిస్తే వాడి చెయ్యి నా చేతికింద ఎప్పటికీ పూడిపోతుంది. తీస్తే చెక్కాలి. కాల్చకుండా వెళ్లిపోతే లాకరు పోతుంది, పిస్టల్ క్లబ్బుదవుతుంది, అప్పుడు వాళ్లే చెక్కుతారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. మాస్టారు తన సంచిలోంచి ఆకురాయి, గరుకు కాగితం, పెన్సిలు తీసి నా పక్కన పెట్టాడు.

"వెళ్లిపోదాం," అన్నాను.

"ఇంత కష్టపడి?" అంది మరదలు. "ఒక చెక్క ముక్క కోసమా వదినా?"

"చెక్క ముక్క కాదది. వాడి చెయ్యి." అనేశాను. "వాడి చెయ్యి అచ్చు. అదొక్కటే ఉంది నాకు."

మరదలు మాస్టారి కేసి చూసింది, మాస్టారు నేల చూశాడు. ఈసారి ఆయన నిదానం అనలేదు.

"ఎవరి చెయ్యి అనుకుంటున్నారమ్మా? ఆ పిస్టల్ మా పాత ప్రెసిడెంటుగారిది. ఆయన ఆట మానేస్తే మీ తమ్ముడు కొనుక్కున్నాడు. ఆ పుట్టీ, గాడులు, తొలిచింది, అన్నీ ఆయన చేతికి చేసినవి. మీవాడి చేతికి అసలు సరిపోయేది కాదు. చెక్కిస్తాను ఇటివ్వరా అని ఎన్నిసార్లు అడిగానో! పర్లేదు మాస్టారూ, అలవాటైపోతుందిలెండి అనేవాడు. మీరు చెక్కనంటే, అక్కకీ అదే పెంకితనం అనుకున్నాను."

పిడిని చేతిలో తిప్పి చూశాను. ఎవడో తెలియని పెద్దమనిషి అరచెయ్యి. ఇన్నాళ్లూ నేను తుడిచి దాచింది దాన్ని.

"బొటనవేలి మొదట్లో ఎప్పుడూ పుండే," అంది మరదలు మెల్లగా. "నేనే మందు రాసేదాన్ని. ఎందుకలా అంటే, అలవాటైపోతుందిలే అనేవారు. చెయ్యొకటే కాదు వదినా. ఛాతీలో నొప్పి కూడా నెల ముందు నుంచీ ఉందట. ఆఫీసులో పక్క సీటాయనకి చెప్పారట, గ్యాస్ అయ్యుంటుంది, అలవాటైపోయిందని. నాకు చెప్పలేదు. మీకూ చెప్పలేదు కదా?"

"లేదు," అన్నాను.

అప్పుడు నాకు కోపం వచ్చింది. కాళ్ల దగ్గర మొదలై చెవుల దాకా వచ్చింది. చిన్నప్పుడు మామయ్య తన కొడుకు పాత బూట్లు వీడికి ఇస్తే, వేళ్లు కందిపోయినా కిక్కురుమనకుండా బడికి వెళ్లొచ్చేవాడు. బుద్ధిమంతుడని మురిసిపోయేవాళ్లం. బుద్ధిమంతుడట! నొప్పి పుడితే నొప్పి అనాలని తెలియని వెధవ. ఎదురుగా ఉంటే చెంప పగలగొట్టేదాన్ని.

తొడుగు బెంచీ మీద పడేసి ఆకురాయి తీసుకున్నాను. ప్రెసిడెంటుగారి బొటనవేలు ముందు పోయింది, తరవాత ఆయన అరచేతి కండ. చెక్కపొడి ఒళ్లో పడుతోంది. నా చెయ్యి వణుకుతోందని మాస్టారు గమనించి, లోపలికి వెళ్లిపోయాడు. వెళుతూ ఒక్కటే చెప్పాడు. ఎవరి పిడి వాళ్లు చూసుకుంటూ సరిచేసుకోకూడదట, తెలియకుండానే చెయ్యి దానికి తగ్గట్టు సర్దుకుంటుందట. పట్టుకునేవాళ్లు కళ్లు మూసుకుని పట్టుకోవాలి, పక్కవాళ్లు అడిగి గుర్తు పెట్టాలి.

మరదలు పెన్సిలు తీసుకుని నా ఎదురుగా నేల మీద కూర్చుంది. నేను కళ్లు మూసుకుని పిడి పట్టుకున్నాను.

"ఎక్కడైనా గుచ్చుకుంటోందా వదినా?"

"ఏం లేదులే, పర్లేదు. అలవా..."

మరదలు కదల్లేదు, పెన్సిలు నా వేళ్ల దగ్గరే పెట్టుకుని కూర్చుంది.

"ఇక్కడ," అన్నాను. "ఇక్కడ నొప్పిగా ఉందే. చాలా నొప్పిగా ఉంది."

"ఆఁ, చెప్పండి," అంది తను. "ఇంకా ఎక్కడ?"