కాలు నాది

రోజూ దేవుడి పాదాలను కళ్ళకద్దుకునే మగవాడు, తెల్లారకముందే ఇంట్లో తిరగడం మొదలుపెట్టే పాదాలను ఎందుకు చూడడో అని పెళ్ళయిన ఏడాది నుంచీ నాకు అనుమానమే. దేవుణ్ణీ అడిగాను. ఆయనా పలకలేదు. ఎంతైనా మగవాడే కదా అనుకుని, వెంటనే లెంపలేసుకున్నాను.

రెండేళ్ళుగా వంద అడుగులు వేస్తే పిక్క పట్టేసేది. ఆగితే తగ్గేది. బజారులో అలా ఆగినప్పుడల్లా మా ఆయన, "బట్టల కొట్టు కనిపిస్తే చాలు, మహారాణిగారి కాళ్ళకు బ్రేకులు పడతాయి" అనేవారు. ఎవరైనా నవ్వితే ఇంకో రెండు కలిపేవారు. అంతటి చమత్కారి! చివరకు పాదం చల్లబడి, బొటనవేలి పుండు మానక నల్లబడ్డాక ఆస్పత్రికి తీసుకెళ్ళారు. అదీ వంట ఆలస్యమవుతోందని.

డాక్టరమ్మ నా పాదం మీద నాడి వెతికింది. దొరకలేదు.

"కాలి రక్తనాళాలు పూడుకుపోయాయమ్మా. తొడ దగ్గర నుంచి సన్నటి తీగ పంపి, బుడగతో తెరుద్దాం. యాంజియోప్లాస్టీ అంటారు. వేలు పోయినా పాదం దక్కవచ్చు."

"ఇదంతా ఎందుకండీ? కాలు తీసేస్తే ఒక్కరోజులో తేలిపోతుంది" అన్నారు ఈయన. "మా అమ్మకు పదకొండేళ్ళ కిందట మోకాలి కింద తీయించాను. హాయిగా ఉంది."

హాయిగా! ఆ పదకొండేళ్ళూ అత్తయ్యను ఎత్తింది, కడిగింది, పక్క మార్చింది నేను. ఈయన గుమ్మంలో నిలబడి "ఎలా ఉందమ్మా?" అని, జవాబు వినకుండానే వెళ్ళిపోయేవారు.

"మరి నన్నెవరు ఎత్తుతారండీ?" అన్నాను.

ఫోను చూసుకున్నారు. నర్సు కాగితాలు తేగానే మాత్రం అలవాటుగా జేబులోంచి పెన్ను తీశారు. ఆ పెన్ను నేనే అందుకున్నాను.

"కాలు నాది" అని, నాళం తెరవడానికి సంతకం పెట్టాను.

వేలు పోయింది. పాదం మిగిలింది, వెచ్చగా. ఇంటికొచ్చిన నెలకు అత్తయ్య మంచం దగ్గరకు నడిచి వెళ్ళి కూర్చున్నాను. ఆమె విషయంలోనూ ముందు నాళం తెరిచి చూద్దామనే అన్నారు అప్పటి డాక్టరు. కోసేయమన్నది ఈయనే. చదువురాని ఆమె, వేలిముద్ర వేయమన్న కాగితం చూపించి "ఏం రాశారే ఇందులో?" అంటే, ఈయన కళ్ళురిమితే, "పుండు కడుగుతారట" అన్నాను. అప్పటి నుంచీ ఆమెకు ఒక నిజం బాకీ ఉన్నాను.

అంతా చెప్పేశాను.

"వాడు చెప్పడని తెలుసు" అంది అత్తయ్య. "నువ్వెప్పుడు చెబుతావా అని చూస్తున్నాను."