బట్టీ పక్కన ఉయ్యాల గిలక

నేను ఒక గిలకను. నాకున్న పెద్ద భయం ముందే చెప్పేస్తాను. తాడు తెగి, ఉయ్యాల ఆగి, పసివాడు ఏడిస్తే మినతి మళ్లీ బడి మానేస్తుంది.

పెద్దపల్లి దగ్గర ఒక బడి బావి మీద వేలాడేదాన్ని. కిటికీలోంచి వినిపించినంతే నా చదువు. గుణింతాల దాకా వచ్చానో లేదో, బావికి మోటారు పెట్టి నన్ను విరిగిన బల్లల గదిలో పడేశారు. తాడు లాగే పని తప్పితే మనుషులకు ఎంత సంతోషమో! తర్వాత ఒంటికి పనిలేదని వాళ్లే పొద్దున్నే నడకకు పోతారు.

ఆ బడికి ఇటుక బట్టీ నుంచి ఒడిశా పిల్లలు వచ్చేవారు. వాళ్లలో మినతి ఒకతె. తెలుగు అర్థంకాక గోడ పక్కన కూర్చునేది. సగం రోజులు అదీ లేదు. తల్లి ఝరణ ఇటుకలు చేస్తుంటే తమ్ముణ్ణి ఊపాలి కదా.

ఒకరోజు స్వరూప టీచరు నన్నూ, పాత డబ్బాలనూ, తాళ్లనూ బల్ల మీద పోసింది.

"మీ ఇంట్ల ఏది కష్టమో చూడుండ్రి. దానికొక సాధనం చెయ్యిండ్రి, ఎట్ల వాడాల్నో రాయిండ్రి. మినతీ, ముందు మీ ఒడియాల రాయి, తర్వాత తెలుగుల. నాకు చదివి వినిపియ్యి, నేను గూడ నేర్చుకుంట."

మినతి నన్నే తీసుకుంది. అట్టముక్క మీద ఒడియాలో ఒక వాక్యం, దాని కింద తెలుగులో "చేత్తో లాగు" అని రాసుకుంది. బట్టీ దగ్గర నన్ను గుంజకు కట్టి, ఉయ్యాల నుంచి నా మీదుగా తల్లి కూర్చునే చోటికి తాడు వేసింది.

ఝరణ చదువు రెండో తరగతిలో ఆగింది. ఒడియా అక్షరాలు కూడబలుక్కుని చదివి నవ్వింది. మోచేతుల దాకా మట్టి.

"ఏ చేత్తోనే? నీకు ఖాళీ చెయ్యి కనిపిస్తోందా?"

"టీచరమ్మ బాగుందన్నది."

"టీచరమ్మ ఇటుకలు చేస్తుందా? మళ్లీ రాయి."

మినతి మూతి ముడుచుకుని, తాడు చివర ఉచ్చు వేసి తల్లి పాదానికి తగిలించింది. ఝరణ కాలు చాపింది. నేను కిర్రుమన్నాను. ఉయ్యాల ఊగింది. "చేత్తో" కొట్టేసి "కాలితో" అని రెండు భాషల్లోనూ రాసింది పిల్ల. మర్నాడు తరగతి ముందు నిలబడి, ఎందుకు దిద్దిందో తెలుగులోనే చెప్పిందట. తడబడిందట, అయినా చివరిదాకా చెప్పిందట.

ఇప్పుడు రోజూ పోతోంది. నా తాడు మాత్రం ఒకచోట పీచులు లేస్తోంది.

మీరు అటు వెళ్తే ఉయ్యాలలోకి ఒకసారి తొంగి చూడండి. వాడు నిద్రపోతుంటే సరే. ఏడుస్తుంటే కాస్త ఊపి పోండి. వాళ్లక్క బడిలో ఉంది.