బస్సుకి ఎదురొచ్చే బాట

ఆదివారం వచ్చిందంటే జోగారావు ఇంట్లో నిలిచే మనిషి కాదు. చద్దన్నం తిని, మజ్జిగ సీసా సంచిలో పడేసుకుని, దిల్‌సుఖ్‌నగర్‌లో హయత్‌నగర్ బస్సెక్కేవాడు. ఆయనది తెనాలి దగ్గర పల్లెటూరు. కనుచూపు మేర చేలూ కాలవలే తప్ప చిన్న దిబ్బయినా కనపడని దేశం. హైదరాబాదులో గుమాస్తా ఉద్యోగం దొరికి, ఇక్కడి గుట్టల్ని చూసేసరికి ఆయనకి పిచ్చి పట్టింది. "రాళ్లు చూడ్డానికి టికెట్టు కొనే మనిషిని మిమ్మల్నే చూశాను" అని భార్య వెంకాయమ్మ దెప్పుతూనే ఉండేది.

హయత్‌నగర్ అవతల ఆయన ఎక్కే గుట్ట రోడ్డుకి చాలా దూరం. అయినా ఎవరికీ ఇబ్బంది లేదు. బస్సు వచ్చే వేళకి గుట్ట మీది బాట కిందికి దిగి, స్టాపు దాకా వచ్చి పడుకునేది. "గుట్టకు పోయేటోళ్లు దిగుండ్రి, బాటొచ్చింది!" అని కండక్టరు కేకేసేవాడు. ఒక్కోసారి అది ఆలస్యం చేస్తే జనం చాయ్ తాగుతూ తిట్టుకునేవాళ్లు. దానికి ఒకటే పట్టింపు, ఎరిగిన పాదాలనే తీసుకుపోతుంది. కొత్తవాళ్లు మొదటిసారి అది ఎరిగినవాళ్ల చెయ్యి పట్టుకుని నడవాలి. జోగారావు మాత్రం బస్సు దిగగానే చెప్పులు విప్పి సంచిలో పెట్టేసేవాడు. వాళ్ల వైపు తడి గట్ల మీద చెప్పులతో నడిస్తే నేరుగా చేలోకి జారతారు. ఎండి పగిలిన ఈ రాతి నేల మీద ఆ అవసరం లేకపోయినా, విప్పుతున్న సంగతి ఆయనకే తెలిసేది కాదు.

అరవై తొమ్మిది ఎండాకాలం ఆ ఆదివారాలు ఆగిపోయాయి. తెలంగాణ కోసం ఊరంతా భగ్గుమంది. బస్సులు తిరగడం లేదు, కాల్పుల్లో పిల్లలు చచ్చిపోతున్నారు. జోగారావు అద్దెకుంటున్న ఇంటి యజమానురాలు కృపమ్మ మిషన్ దవాఖానలో ఆయా. ఆమె కొడుకు యెహెజ్కేలు బీయే ప్యాసై రెండేళ్లుగా ఖాళీగా ఉన్నాడు. ఒకరోజు అతను గోడ అవతల నుంచి మర్యాదగానే అన్నాడు: "సార్, మీరు మంచోళ్లే. గానీ మీరు కూసున్న కుర్చీ నాది."

ఆ మాట జోగారావుని ఆఫీసులోనూ కూర్చోనివ్వలేదు, ఇంట్లోనూ పడుకోనివ్వలేదు. ఆ తర్వాతి వారం ఎవరో కిటికీ మీద రాయి వేశారు. వెంకాయమ్మ తమ్ముడు వెంకట్రావు సంగతి విని, లారీ మాట్లాడి తనే తీసుకొస్తానన్నాడు. సామాను ఎక్కించుకుని విజయవాడ రోడ్డున తెనాలి వెళ్లిపోవడమే, ఇంక తిరిగి రావడం లేదు.

లారీ రావలసిన పొద్దున వెంకాయమ్మ పెట్టె మీద కూర్చుని ఉంది. పెరట్లో కృపమ్మ చీపురుతో ఎవర్నో అదిలిస్తోంది.

"జర జరుగు! ఊడ్వాలె. సారూ, మీ బాటొచ్చి పండుకున్నది సూడుండ్రి."

జోగారావు వెళ్లి చూశాడు. నిజమే. అన్ని ఆదివారాలు బస్సు కోసం చూసి చూసి, బస్సు వచ్చే విజయవాడ రోడ్డే పట్టుకుని ఇంతదూరం వచ్చేసింది. పెరటి తలుపు దగ్గర ఎర్రమట్టితో, అంచుల్లో సీతాఫలం పొదలతో పడి ఉంది. దానితోపాటు వచ్చేసిన మేక ఒకటి ఇంకా ఆకులు నములుతోంది. ఆయనకి ఏడుపొచ్చినంత పనైంది.

అప్పుడే గోడ దూకి యెహెజ్కేలు పడ్డాడు. మోకాలు వాచిపోయి ఉంది. వెనకే వీధి మొదట పోలీసు జీపు ఆగిన చప్పుడు, బూట్లు, తలుపులు బాదడం.

"ఇల్లిల్లూ సోదా చేస్తుండ్రు. ఉరుకుడు నాతోని గాదే అమ్మా" అన్నాడు తల్లితో.

కృపమ్మ చేతిలో చీపురు జారిపోయింది. మొన్న పట్టుకెళ్లిన పక్కవీధి పిల్లాడు ఎక్కడున్నాడో ఇవాళ్టికీ తెలీదు. "గుట్ట అవతల మా తమ్ముడు సాలోమోను ఉన్నడు సారూ. వానింటికి చేరితే నా కొడుకు బతుకుతడు. గానీ వీడు ఎన్నడూ గుట్టెక్కలే. బాటకు వీడెవడో తెల్వదు" అంది.

"నా చెప్పులు వేసుకో. నేననుకుంటుంది" అన్నాడు జోగారావు, వాటిని గబగబా విప్పి ఇస్తూ.

యెహెజ్కేలు వాటిలో కాళ్లు దూర్చి అడుగు వేశాడు. బాట వెనక్కి తగ్గింది. ఇంకో అడుగు వేస్తే పెరటి గోడ దాకా ముడుచుకుపోయింది. బూట్లు నాలుగో ఇంటికి వచ్చాయి. అప్పుడు వెలిగింది జోగారావుకి. ఇన్నేళ్లలో ఆ చెప్పులు బాట మీద పడింది ఎప్పుడు గనక? అది ఎరిగింది తన వట్టి పాదాలని!

అదే క్షణాన వీధి చివర లారీ హారన్ కొట్టింది.

ఆయన భార్య వైపు చూశాడు. వెంకాయమ్మ పెట్టె మీంచి లేచి పెరటి గుమ్మంలోకి వచ్చి ఉంది. లారీ ఎంతోసేపు ఆగదని ఇద్దరికీ తెలుసు.

"ఏం చూస్తారు? వెళ్లండి!" అందామె కసిరినట్టు.

జోగారావు ఆ కుర్రాడి రెక్క పట్టుకుని బాట మీద పాదం మోపాడు. బాట కదిలింది. వెనక పెరడు, చీపురు, కృపమ్మ ఏడుపు, పక్కింటి తలుపు మీద లాఠీ దెబ్బలు, అన్నీ ఒక్కొక్కటే వెనకపడ్డాయి. ఎర్రమట్టి వాళ్ల మడమల వెంటే చుట్టుకుంటూ వచ్చింది.

గుట్ట ఎక్కాక యెహెజ్కేలు కింద రోడ్డు చూపించాడు. లారీ ఒకటి పోతోంది, పైన వాళ్ల ఇనప మంచం తిరగేసి కట్టి ఉంది. మనుషులు ఇంత దూరానికి కనపడరు.

"అమ్మగారు పోయిండ్రు సార్. నా కోసమని ఎందుకు ఒచ్చిండ్రు?"

"తెలీదు. కుర్చీ గురించి నువ్వన్నది నిజం కావచ్చు. అలాగని నిన్ను కొడుతుంటే చూడలేను" అన్నాడు జోగారావు. చెప్పాక కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు. మజ్జిగ సీసా కూడా తేలేదు. కుర్రాడు అవతలి వైపు కుంటుతూ దిగిపోయి, కింద పొలంలో మామయ్యని కలుసుకున్నదాకా అక్కడే నిలబడ్డాడు.

బాట ఆయన్ని పొద్దువాలేసరికి తిరిగి పెరట్లో దింపింది. తమ వాటాలోకి తొంగిచూశాడు. నాలుగు గోడలూ, మేకులూ మిగిలాయి. ఆయన గడప మీద కూలబడ్డాడు.

"అక్కడేం చేస్తున్నారు?"

కృపమ్మ వంటింటి గుమ్మంలో వెంకాయమ్మ నిలబడి ఉంది.

"నువ్వు... వెళ్లలేదా?"

"ఆవిడ ఒక్కతే ఆ పోలీసాళ్లకి జవాబు చెప్పుకుంటుంటే, నేను లారీ ఎక్కి కూర్చోనా? వెంకట్రావు తిట్టి సామానుతో వెళ్లిపోయాడు. మంచం పోయింది. ఒక్క గరిటె కూడా మిగల్చలేదు సన్నాసి." ఆమె పెరటి గోడ వైపు చూసింది. "అబ్బాయి?"

"మామయ్య తీసుకెళ్లాడు."

లోపల కృపమ్మ పెద్దగా "ప్రభువా" అని, వెక్కి వెక్కి ఏడ్చింది.

వెంకాయమ్మ కళ్లు తుడుచుకుంది. మాల ఇల్లని, ఇన్నేళ్లలో ఆ గడప దాటి మంచినీళ్లయినా ముట్టని మనిషి ఆమె. ఇప్పుడు అక్కణ్నించే మొగుణ్ని కేకేసింది.

"లేవండి. కృపమ్మ ఇద్దరికీ వడ్డించేసింది. అన్నం చల్లారిపోతోంది."