తాటికి చేవ పైనే

మా చెల్లెలు నాగలక్ష్మమ్మ ఇంటి మిద్దెకు నడిమి దూలం చెద తిన్నది. వేప దూలం, వాళ్ళ మామ కాలంలో ఎక్కించింది. గోరుతో గీకితే పొడి రాలేది. దాని మీద అడుగు మందం చౌడు మట్టి.

వంక గట్టున నా చేనిలో ఒక ముసలి తాడిచెట్టు ఉండేది. దాన్ని ఇస్తానన్నాను. కొట్టించి, మొద్దును ట్రాక్టరు మీద వాళ్ళ వాకిట్లో వేయించాను. నలభై ఏండ్లు తాటిమొద్దులు చీల్చి బతికినవాణ్ణి. చీల్చే పని నాదే అనుకున్నాను.

తాడి వేపలాంటిది కాదు. వేపను అడ్డంగా కోస్తే ఉంగరాలు కనబడతాయి. చేవ నడుమ ఉంటుంది. పైన తెల్లటిది చెక్కి పారేస్తే మిగిలేదే గట్టి. తాడిని కోస్తే ఉంగరాలుండవు. నువ్వులు చల్లినట్టు నల్ల చుక్కలుంటాయి. ఒక్కో చుక్క ఒక్కో నార. చెట్టు నీళ్ళు తాగేది ఆ నారల్లోంచే. అంచున అవి సందు లేకుండా ఇరుక్కొని ఉంటాయి, గొడ్డలి మొండిబారుతుంది. లోపలికి పోయేకొద్దీ పలచబడతాయి. నడుమ అంతా బెండు. తడి తగిలితే పాతగుడ్డ తాగినట్టు నీళ్ళు తాగుతుంది. అందుకే తాటిమొద్దును నిలువునా చీల్చి, బెండు గీకి పారేసి, పైపెచ్చునే దూలంగా వాడతాం.

ఇదంతా నేను మా మేనల్లుడు ఓబులేషుకు చెప్పలేదు. కంటి ఆపరేషన్‌కు కర్నూలుకు పోతూ ఒక్క మాట అన్నాను.

"నేనొచ్చేదాకా మొద్దును ముట్టద్దు."

"సరే మామా," అన్నాడు వాడు.

ఆపరేషన్ అయినాక కంట్లో చీము పట్టింది. నాలుగు రోజులనుకున్నది ఇరవై రోజులైంది. ఈలోగా రెండు వానలు పడ్డాయి. పాత దూలం దించేసి, మిద్దె సగం విప్పి కూర్చున్నవాడు ఎంతకాలం ఆగుతాడు? ఆలూరు నుంచి చంద్రమోహన్ అనే వడ్రంగిని పిలిపించాడు. మంచి పనివాడే. తలుపులు, మంచాలు చేస్తాడు. కరెంటు రంపముంది. తాటిమొద్దును ఎన్నడూ కోసినవాడు కాదు.

నేను తిరిగొచ్చి చూస్తే దూలం ఎక్కి ఉంది. నలుచదరంగా, నున్నగా, పక్కనున్న వేప దూలాలకు జోడుగా. వేపను చెక్కినట్టే నాలుగు వైపులా పైది కోసేశాడు. దాని మీద మట్టి కూడా పోశారు. గోడ బయటికి వచ్చిన దూలం కొన చూశాను. నల్ల చుక్కలు వేళ్ళ మీద లెక్కపెట్టేటట్టున్నాయి.

కోసేసిన పెచ్చులు దూడల దొడ్డికి కంచెగా పాతారు. నల్లగా, ఇనుములాగా ఉన్నాయి.

"ఓబులేసూ, దాన్ని దించాల," అన్నాను.

"ఏంది మామా, ఇప్పుడు కన్ను బాగా కనపడ్తాండాదా? పన్నెండు మందిమి ఎత్తినాం దాన్ని. నడుములు ఇరిగిపోయినాయి."

"అది నిలబడదు."

"ఎందుకు నిలబడదు? నువ్విచ్చిన మానే గదా!"

వాడి పెళ్ళాం నాగజ్యోతి నవ్వింది. మా చెల్లెలు చేటలో కందులు చెరుగుతూ, "ఊరుకోండే. మా అన్న నోరు తెరిచేదే ఉగాదికొకతూరి. అరవగలోడైతే ఎప్పుడో సర్పంచి అయ్యుండేవాడు," అంది.

అందరూ నవ్వారు. నేనూ నవ్వి ఊరుకున్నాను. అప్పుడే ఆ చేట పక్కన పెట్టించి, దొడ్డి దగ్గరికి తీసుకుపోయి ఆ పెచ్చు మీద ఒక గొడ్డలి దెబ్బ వేసి చూపించి ఉంటే సరిపోయేది. చూపించలేదు.

మరుసటి రోజు తుమ్మ గుంజ ఒకటి నరికి తెచ్చి, దూలం నడుమ కింద ఊతగా నిలబెట్టాను. కింద బండరాయి, పైన చెక్కముక్క. ఎవరినీ అడగలేదు.

"ఇంటి నడుమ ఈ గుంజేంది పెద్దాయనా, ఎద్దును కట్టేసేదానికా?" అంది నాగజ్యోతి.

"ఉండనీలేమ్మే," అంది మా చెల్లెలు. "చీర ఆరేసుకుంటా."

రెండు నెలలు ఉంది ఆ గుంజ. మిద్దె ఏమీ కాలేదు. ఏమీ కాకపోయేసరికి నా మాట అబద్ధమైంది. శ్రావణంలో బేతంచెర్ల బండలు పరచడానికి గుంజ తీసేశారు. నేను పోయేసరికి అది బయట గోడకానుకొని ఉంది.

"గుంజ తీసినారే?" అన్నాను.

"బండలు అతుక్కోవాల గదన్నా. రెండు దినాలు ఆగి పెడ్తారు," అంది చెల్లెలు. "కూచో, జొన్నరొట్టె తిందువు."

కూర్చున్నాను. ఆ దూలం కిందే కూర్చొని రొట్టె తిన్నాను. తల ఎత్తి చూస్తే నడుమ బొటనవేలంత కిందికి వంగినట్టు అనిపించింది. కన్ను సరిగా లేదేమో అనుకున్నాను. చెప్పలేదు.

ఆ రాత్రి నుంచే ముసురు పట్టింది. మూడు దినాలు వదల్లేదు. నాలుగోనాడు పొద్దున తెరిపి ఇస్తే ఓబులేషు చేనికి పోయాడు, నాగజ్యోతి కొళాయికి పోయింది. పది గంటలప్పుడు నేను వాళ్ళ వీధి మలుపులో ఉన్నాను. పెద్ద శబ్దం రాలేదు. బస్తా కింద పడినట్టు వచ్చింది. తర్వాత దుమ్ము కూడా లేవలేదు, మట్టి అంత తడిసి ఉంది.

చేతులతోనే తవ్వాం. పక్కింటి విశ్వాసమ్మ పార తెచ్చింది గానీ, తగులుతుందని ఎవరూ వాడలేదు. నాగలక్ష్మమ్మ గోడ దగ్గరికి జరగాలని చూసినట్టుంది, చెయ్యి అటు చాచి ఉంది. దూలం నడిమికి విరిగి ఆమె వీపు మీద ఉంది. విరిగిన చోట పిడికిలితో పిండితే నీళ్ళు కారాయి.

దినాలు కాకముందే రెవెన్యూ వాళ్ళు వచ్చి వాన వల్ల అని రాసుకుపోయారు. అది తప్పు కాదు. వాళ్ళు పోయేదాకా ఆగి ఓబులేషు నా దగ్గరికి వచ్చాడు.

"మామా, నీకు తెలుసు గదా. ఎందుకట్ల ఒక్క మాటతో ఇడిసిపెట్టినావు? నన్ను కొట్టైనా చెప్పకపోతివే."

అనేసి వాడు వాకిట్లోకి నడిచాడు.

ఆ తర్వాత మూడోనాడు వడ్రంగి చంద్రమోహన్ మా ఇంటికి వచ్చాడు. లోపలికి రాకుండా గడప బయటే నిలబడ్డాడు.

"తాతా, నేను చేసినదాంట్లో తప్పేముండాది? చేవ కోసమే గదా పైది తీసేసింది," అన్నాడు. కండ్లు ఎర్రగా ఉన్నాయి.

చొప్ప వామిలోంచి ఒక జొన్నదంటు లాగాను. వాడి చేతికిచ్చి వంచమన్నాను. వంగి లేచింది. కత్తితో చుట్టూ తొక్క చెక్కి, తెల్లటి బెండు మాత్రం మళ్ళీ ఇచ్చాను. వాడు వంచకముందే, దాని బరువుకే వాలిపోయింది.

"తాడీ ఇదే జాతి నాయనా. జొన్న, వెదురు, తాడి, అన్నీ ఇంతే. బలం తొక్కలో ఉంటాది. లోపల ఏమీ ఉండదు."

వాడు ఆ బెండును కింద పెట్టాడు.

"ఇంకోటి కోసినా," అన్నాడు. "పోయిన నెల. ఓబులేసు ఇంట్లో చూసి వాళ్ళూ అట్లే కావాలన్నారు. చిన్న ఈరన్న ఇల్లు, పక్కూర్లో."

వాడి బండి వెనక కూర్చున్నాను. దారంతా మళ్ళీ మబ్బు కమ్ముతోంది. మేం పోయేసరికి చిన్న ఈరన్న ఇంట్లో అందరూ అన్నాలకు కూర్చున్నారు. నడిమి దూలం నున్నగా, నలుచదరంగా, రంగు వేసి ఉంది. దాని కిందే ఆరు మంది వరుసగా కూర్చొని తింటున్నారు.

"కంచాలు తీసుకొని బయటికి రాండి," అన్నాను.

చిన్న ఈరన్న తలెత్తి చూశాడు. "ఎవరప్పా నువ్వు? ఏమైంది? తిన్నంక మాట్లాడుకుందాం, కూచో."

ఎవరూ కదల్లేదు. ఒక ముసలామె నాకు కూడా కంచం పెట్టబోయింది.

లోపలికి పోయి దూలం కింద నిలబడి మళ్ళీ చెప్పాను. ఈసారి అరిచాను.