లోహ్‌పంఖ్‌కు చంద్రవ్వ వేసిన మార్కులు

అయిదుకు ఎన్ని వేస్తుందో చంద్రవ్వ, ఒకటి వేస్తుందా అయిదు వేస్తుందా, అసలు ఆమెకు అంకెలు గుర్తుపట్టడం వచ్చా, బస్సు బోర్డు చదవలేక కనబడిన ప్రతివాణ్నీ అడిగి ఎక్కే మనిషి, మెంతికూర గిల్లుతున్నాను గాని ఆకు ఏదో కాడ ఏదో వేళ్లకు తెలియడం లేదు, మేడ మీద ఈ గ్యాలరీలో కూర్చుంటే కింద మా కార్ఖానా తలుపు కనబడుతుంది, తలుపు పక్కనే కండెలు చుట్టే మిషను, మిషను ముందు చంద్రవ్వ, చంద్రవ్వ పక్కన నూలు బస్తా మీద కాళ్లు ముడుచుకుని నా సాక్షి, నా కొడుకు వైభవ్ కూతురు, నా చేతుల్లో పెరిగిన పిల్ల, ఒళ్లో కాగితాలు పెట్టుకుని ఒక్కొక్క మాటా అడుగుతూ పెన్నుతో టిక్కులు పెడుతోంది, అడిగేది నన్ను కాదు, ఆమెను, సోమవారం నాడు అన్నం తింటూ ఈ సంగతి చెప్పింది మాత్రం నాకే, బాపమ్మా, కాలేజీల ప్రాజెక్ట్ ఇచ్చిండ్రు, ఒక సూపర్‌హీరోను తీసుకోవాలె, నిజం మనిషి లెక్కనే వాని స్వభావం కొలవాలె, నేను మన లోహ్‌పంఖ్‌ను తీసుకున్న అంది, స్వభావం కొలుచుడేందే, గజం కట్టెతోనా అన్నాను, పొలమారేటట్టు నవ్వింది, అయిదు గుణాలుంటయి బాపమ్మా, కొత్తవాటి మీద మనసు పోతదా, పని పద్ధతిగ చేస్తడా, నలుగుర్ల కలుస్తడా, అవతలోని మీద దయ ఉన్నదా, లోపల బుగులు, దిగులు ఎంత, గీ అయిదు, ఒక్కొక్క దానికి కొన్ని ప్రశ్నలు, అస్సలు కాదంటే ఒకటి, పక్కా అవునంటే అయిదు, నేనొక్కదాన్నే మార్కులేస్తే చాలదు, లోహ్‌పంఖ్‌ను మంచిగ ఎరికున్న ఇంకో మనిషి గూడ అలగ్ కూసోని వెయ్యాలె, రెండు పక్కపక్కన పెట్టి చూస్తరు సార్‌లు అంది.

మంచిగ ఎరికున్న ఇంకో మనిషి, ఆ మాట అని చేయి కడుక్కోవడానికి లేచింది, ఇంకెవరుంటారు నేను గాక, మంగళవారం పొద్దున్నే కళ్లద్దాలు చీర కొంగుతో రెండుసార్లు తుడిచి పెట్టుకున్నాను, బుధవారం సీరియల్ వద్దని కూర్చున్నాను, వస్తుంది, కాగితం తెస్తుంది, బాపమ్మా నువ్వు చెప్పు అంటుంది అని, మనసులో మార్కులు కూడా వేసేసుకున్నాను, లోహ్‌పంఖ్‌కు దయ అయిదు, పద్ధతి అయిదు, నలుగురిలో కలవడం రెండు, పాపం వాడు మాట్లాడడు, ఆ ఉక్కు రెక్కలు గోడలకు తగులుతాయని ఇళ్లల్లోకి రావడానికి కూడా జంకుతాడు, బుగులు దగ్గర మాత్రం ఆగిపోయాను, ఎంత వేయాలో తోచలేదు, ఇవాళ గురువారం, ఇంకా నా దగ్గరికి రాలేదు, కాగితాలు తీసుకుని నేరుగా మెట్లు దిగి చంద్రవ్వ దగ్గరికి పోయింది.

ఏం తెలుసు చంద్రవ్వకు, లోహ్‌పంఖ్ పేరైనా నోరు తిరుగుతుందా, లోపంకు లోపంకు అంటుంది, ఈ ఇంట్లోకి లోహ్‌పంఖ్ ఎట్లా వచ్చాడో నాకు తెలుసు, బట్ట తానులు చుట్టడానికి మా ఆయన బుచ్చిరాములు పాత చిత్తు కాగితాలు కట్టలు కట్టలుగా తెచ్చేవాడు, వాటిలో పాత హిందీ బొమ్మల పుస్తకాలు వచ్చేవి, బడి ముఖం చూడనిదాన్ని, తెలుగు అక్షరాలు పెళ్లయ్యాక ఆయన పక్కన కూర్చుని నూలు డబ్బాల మీద నేర్చుకున్నాను, హిందీ మాత్రం ఎవరూ నేర్పలేదు, ఆ బొమ్మల పుస్తకాల్లో మనిషి నోరు తెరిచి ఉంటే పక్కన బుడగలో ఉన్నది బచావో, అంటే కాపాడండి, అయి ఉంటుందని ఊహించి, ఆ బచావోలోని అక్షరాలను ఇంకో బుడగలో వెతికి, ఒక్కొక్కటే పట్టుకున్నాను, రెండేళ్లు పట్టింది, లోహ్‌పంఖ్ నాకు గురువు, నా కష్టార్జితం వాడు, అట్లాంటిది చంద్రవ్వ వాడికి మార్కులు వేస్తుందట, సరే మరి ఆమెకూ వేద్దాం మార్కులు, కొత్తవాటి మీద మనసు, ఒకటి, ఇరవై ఏళ్లుగా అదే పచ్చ గాజులు, అదే తంబాకు డబ్బీ, పద్ధతి, రెండు, కండె నిండకముందే తీసేస్తుంది, నలుగురిలో కలవడం, అయిదు, అయిదేమిటి యాభై, మా కనేరి బస్తీలో ఏ ఇంట్లో ఏం కూరో ఆమెకు తెలుసు, దయ, ఎంత వేయను, నాకు జ్వరమొస్తే ఆరు రోజులు ఈ మెట్లెక్కి గంజి పోసింది, మూడు వేస్తాను, మూడు చాలు, బుగులు, లేదు, ఆమెకు ఏ బుగులూ లేదు, హాయిగా నిద్రపోతుంది, అందుకే కదా నాకు ఒళ్లు మండేది, పైగా సాక్షి ఆమెను చిన్నబాపమ్మ అంటుంది, మా కార్ఖానాలో కూలికి కండెలు చుట్టే ఆవిడ నా మనవరాలికి బాపమ్మ ఎట్లా అయింది, చిన్నదైతే మాత్రం.

కింద మరమగ్గాలు, మా సాంచాలు, పన్నెండూ ఒకేసారి కొడుతున్నాయి, ఈ చప్పుడులో ఎవరి మాటా ఎవరికీ వినబడదు, కాని నలభై ఏళ్లు ఈ చప్పుడులో బతికిన వాళ్లకు మాట వినబడనక్కరలేదు, పెదవులు చూస్తే చాలు, సాంచాల దగ్గర మేమంతా అట్లాగే మాట్లాడుకున్నాం, దారం తెగిందని, చాయ్ వచ్చిందని, నూలు సేటు వస్తున్నాడని, మా ఆయనా నేనూ పోట్లాడుకున్నది కూడా పెదవులతోనే, అందుకని మెంతికూర ఒళ్లో పెట్టుకుని కళ్లద్దాలు సర్దుకుని సాక్షి పెదవులు చూస్తున్నాను, తప్పే, పిల్లను దొంగచాటుగా చూడటం తప్పే, దయ లేదు అంటుంది సాక్షి, దయ ఉన్నది అంటుంది చంద్రవ్వ, మస్తు ఉన్నది, ఇద్దరూ నవ్వుతున్నారు, సాక్షి వంగి చంద్రవ్వ మోకాలి మీద చేయి వేసింది, మా ఇద్దరి మధ్య జరగాల్సిన నవ్వు అది, వేయాల్సిన మోకాలు నాది, తర్వాత తల పైకెత్తి గ్యాలరీ వైపు చూసింది, నేను గబుక్కున మెంతికూర మీదికి వంగాను, మళ్లీ చూసేసరికి పెదవులు స్పష్టంగా కనబడ్డాయి, బాపమ్మకు చెప్పకు, మళ్లీ ఒకసారి, చూపుడు వేలు అడ్డంగా ఊపుతూ, బాపమ్మకు చెప్పకు చిన్నబాపమ్మా, చంద్రవ్వ తలూపింది, నాకు చెప్పకూడనిది ఏముంది ఆ ఇద్దరికీ, గుండెలో కండె ఏదో పట్టు తప్పి గిరగిరా తిరిగింది, జూన్‌లో పై చదువుకు పుణేకు పోతుంది ఈ పిల్ల, హాస్టల్ ఫారం నిండింది, అట్టపెట్టె కూడా వచ్చింది, పోయే ముందు దాచుకునే మాటలన్నీ ఆమెతోనా, నాతో ఏం మిగిలింది, అన్నం పెట్టడం, బట్టలు మడవడం, రోజులు లెక్కపెట్టడం.

పోవడం అంటే నాకు చిన్నప్పటి నుంచీ సయించదు, జగిత్యాల బస్టాండులో అమ్మ చేయి కిటికీలోంచి విడిపోవడం సయించలేదు, మా ఆయన చనిపోయింది అంజూర్ ఫాటా దగ్గర, లారీ కింద, కాని నాకు గుర్తుండేది లారీ కాదు, అంతకు గంట ముందు, నేను ఇదే కార్ఖానాలో సాంచా దగ్గర నిలబడి ఉన్నాను, ఆయన తువ్వాల భుజాన వేసుకుని నూలు బస్తాలు చూసొస్త అని తలుపు దాటాడు, వెనక్కి చూడకుండా పోయాడు, పదహారేళ్లుగా ఆ ఒక్క మాటే నమలుతున్నాను, వెనక్కి చూడకుండా పోయాడు, సాక్షికి అప్పుడు నాలుగేళ్లు, పదిహేను రోజుల తర్వాత ఇల్లంతా ఏడ్చి ఏడ్చి అలిసిపోయిన ఒక మధ్యాహ్నం, పిల్లను ఊరుకోబెట్టడానికి లోహ్‌పంఖ్ పుస్తకం తీశాను, హిందీలో చూసి తెలుగులో చెబుతున్నాను, చంద్రవ్వ కూడా చెయ్యి గదువ కింద పెట్టుకుని వింటోంది, రైలు పడిపోబోయింది, లోహ్‌పంఖ్ ఆపాడు, ఒక ముసలమ్మ దండం పెట్టింది, ఆఖరి బొమ్మలో వాడు ఇంటి కప్పు మీది నుంచి ఎగిరిపోతున్నాడు, వీపు మాత్రమే కనబడుతోంది, ముసలమ్మ చేయి చాపి ఉంది, బుడగలో రుకో బేటా అని ఉంది, వాడు ఆగలేదు, ప్రతి పుస్తకంలోనూ వాడు అంతే, కాపాడతాడు, పోతాడు, ఆగడు, పోయిండా బాపమ్మా అంది సాక్షి, గొంతులో తాత పోయిన ఏడుపు ఇంకా ఉంది, నా నోరే ఏదో అంది, యాడికి పోతడే, కాళ్లు కడుక్కుంటున్నడు, అవ్వ రొట్టె చేస్తున్నది, రొట్టె తిని ఆమె ఇంట్లనే పంటడు అని, మరి రెక్కలు అంది, రెక్కలిప్పి దండెం మీద ఏసిండు అన్నాను, సాక్షి నవ్వింది, చంద్రవ్వ కూడా, ఆ తర్వాత ఇంట్లో ఉన్న ముప్పై పుస్తకాల్లోనూ వాడు ఎక్కడికీ పోలేదు, రొట్టె తిన్నాడు, ముసలమ్మ మోకాళ్లకు నూనె రాశాడు, రాత్రి వర్షమొస్తే ఇల్లు కారుతుందేమోనని నిద్రపోలేదు, ఊళ్లో ఎవరింటి దీపం ఆరినా వాడికి బుగులు, పుస్తకంలో ఒక్క ముక్కా లేదు ఇదంతా, పిల్ల హిందీ బళ్లో చేరాక పుస్తకాలు ట్రంకు పెట్టెలో అడుగున దాచేశాను, పెద్దదైంది, మరిచిపోయింది అనుకున్నాను.

ట్రంకు పెట్టె, ఆదివారం హాస్టల్‌కు దుప్పటి కావాలని తీసింది కదా, తీసింది, అడుగుదాకా తీసింది, చదివి ఉంటుంది, అంతా చదివి ఉంటుంది, అనుకుంటుండగానే కరెంటు పోయింది, పన్నెండు సాంచాలూ ఒక్కసారి ఊపిరి వదిలి ఆగిపోయాయి, చప్పుడు పోతే చెవుల్లో గాలి దూరినట్టు ఉంటుంది, చప్పుడుకు అలవాటుపడి గొంతు పెద్దది చేసుకున్న వాళ్లు కాసేపు అరుస్తూనే ఉంటారు, చంద్రవ్వ గొంతు కార్ఖానా అంతా మోగుతూ మేడ మీదికి వచ్చింది, బుగులా, అయిదు ఎయ్యి బిడ్డా, వానికున్న బుగులు ఎవనికీ ఉండదు, ఇల్లు కారుతదేమోనని నిద్రే పోడు గద, సాక్షి మెల్లగా చిన్నబాపమ్మా మెల్లగ అంటోంది, పుస్తకంల చూస్తే ఒకటే వస్తది, నేను ఒకటే ఏసిన, వానికి ఏ చింతా లేదు, దయ గూడ రెండే ఏసిన, జనాన్ని కాపాడుతడు గని ఒక్కలతోని నిలబడి మాట్లాడడు, నీ మార్కులు నా మార్కులు ఒక్కటి గూడ కలుస్తలేవు, అంటూ నవ్వింది, నవ్వులో ఎగతాళి లేదు, వెతికాను, లేదు, ఇద్దరు హీరోలున్నరు చిన్నబాపమ్మా, ఒకడు పుస్తకంలోడు, ఒకడు బాపమ్మ చేసినోడు, నువ్వు చదవలే గనుక నీకు బాపమ్మ లోహ్‌పంఖే ఎరిక, అందుకే నిన్ను అడిగిన, బాపమ్మను అడిగితే ఆమెకు ఇద్దరూ ఎరికే, పుస్తకంలోనికి మార్కులేస్తది, సిగ్గుపడి తన వాన్ని దాచేస్తది, నాకేమో వాడే కావాలె, సార్‌కు చెప్పిన, వాడు ఉన్నడని, రాయమన్నడు, అంటోంది నా మనవరాలు, మెంతికూర పళ్లెం ఒళ్లోంచి జారి గ్యాలరీ కటకటాల్లోంచి ఆకులు కిందికి రాలాయి, వాళ్లు తల ఎత్తలేదు, ఆఖరిది చిన్నబాపమ్మా, పోయేటప్పుడు వెనుకకు తిరిగి చూస్తడా, ఒకటా అయిదా.

సూత్తడు, అంది చంద్రవ్వ, పోనోడు ఎందుకు సూత్తడు గని పోవుడంటూ పోతే సూత్తడు, మీ తాత సూడలేదా, ఆ దినం ఈ తలుపు కాడ నిలవడి సూసిండు గద, నేను ఈడనే ఉంటి, నాకెదురుంగనే, మీ బాపమ్మ దిక్కు శానసేపు సూసిండు, ఏందో అన్నడు గూడ పెదవులతోని, ఆమె దారం తెగితే ముడేసుకుంట వంగి ఉండె, సూడలే, నేను చెప్తనంటే ఇననే ఇనది పదారేండ్ల సంది, ఆయన మాట తీస్తెనే నా మీద మొగం తిప్పుకుంటది, ఏమన్నడు చిన్నబాపమ్మా, ఏమంటడు బిడ్డా, అన్నం తినుమన్నడు, పొద్దటి నుంచి తినలే గద ఆమె, అయిదు ఎయ్యి, అయిదు, కటకటాలు పట్టుకుని లేచాను, అవును దారం తెగింది, పచ్చ దారం, మూడో సాంచా, ముడి రెండుసార్లు జారింది, మూడోసారి వేసి తల ఎత్తేసరికి తలుపులో ఎండ మాత్రమే ఉంది, తలుపుకు ఎదురుగా ముఖం పెట్టుకుని చంద్రవ్వ ఉంది, ఆయన ఆఖరిసారి కనబడింది ఆమె కళ్లకేనని, నాకు రావాల్సింది ఆమెకు పోయిందని, ఆ కుళ్లే ఇన్నేళ్లూ ఆమె గంజి తాగుతూ కూడా ఆమెకు మూడు మార్కులు వేయించింది, బుచ్చిరాములు వెనక్కి చూశాడు, చూడనిది నేను, కరెంటు ఇంకా రాలేదు, మెట్ల గోడ పట్టుకుని ఒక్కొక్క మెట్టే దిగుతున్నాను, చంద్రవ్వ పెదవులు చూడాలి, చప్పుడు లేకపోయినా సరే, ఆయన అన్నట్టుగా ఆ మాట ఒకసారి పెదవులతోనే అనమని అడగాలి, జూన్‌లో సాక్షి బస్సెక్కే రోజు నా చేతుల్లో ఏ దారం తెగినా ముడి వేయను, తల ఎత్తే ఉంటాను, చూస్తూ ఉంటాను.