పసుపు పెట్టిన జెండా

జెండా గురించిన సర్క్యులర్ ఏటా ఆగస్టు మొదటి వారంలో వచ్చేది. దాన్ని చదివి వినిపించి, స్టాఫ్ అందరిచేతా సంతకాలు పెట్టించే పని అప్పట్లో నాది. కాషాయం పైకి ఉండాలి, నేలకు తగలకూడదు, దానిమీద రాతలూ మరకలూ ఉండకూడదు. ఏళ్ళ తరబడి చదివీ చదివీ నోరు నొప్పి పుట్టింది. నేను చెప్పే ఏడు, హెడ్ గుమాస్తాగా ఇంకో నాలుగు నెలలు ఈడిస్తే పింఛను. ఒళ్ళయితే ఎప్పుడో రిటైరైపోయింది.

మండలాలు వచ్చిన మరుసటి ఏడు, ఎనభై ఆరులో, మా మండలాఫీసుకు కొత్త జెండా తెమ్మని నరసరావుపేట ఖద్దరు కొట్టుకు నన్నే పంపారు. బస్సులో నిలబడి వెళ్ళాను, నిలబడే వచ్చాను. పద్నాలుగో తేదీ సాయంత్రం పొట్లం నా బల్ల మీద పెట్టి, "కొత్త జెండా, జాగ్రత్త" అని స్వీపరు నాగేంద్రమ్మకు చెప్పి ఇంటికి పోయాను. సర్క్యులర్ ఆమెకు చదవలేదు. పార్టుటైము మనిషి, సంతకాల కాగితంలో ఆమె పేరే ఉండదు. పాత ఆఫీసు రోజుల నుంచీ పదకొండేళ్ళుగా ఊడుస్తోంది. ఆమెను పర్మినెంటు చేసే ఫైలు ఆ నెలలోనే కదిలింది. ఆఫీసరు సంతకం ఒక్కటే తక్కువ.

మర్నాడు పొద్దున ఆరున్నరకు పొట్లం విప్పితే, తెల్ల పట్టీ చివర పసుపు బొట్టు. చీపురు పట్టుకుని నాగేంద్రమ్మ నవ్వుతోంది.

"కొత్త గుడ్డ గదయ్యా. కాషాయం మీద పెడితే కనపడదని తెల్లదాని మీద పెట్టా."

మా ఇళ్ళలో కొత్త చొక్కాకైనా మూలన పసుపు పెట్టందే తొడగం. ఆమెను ఏమనను? పాత జెండా తీసి చూస్తే అంచులు పీలికలై ఉన్నాయి. ఆమెను పూలకు పంపించి, కుళాయి దగ్గర చేతులు కడుక్కునే సబ్బు పెట్టి రుద్దాను. పుట్టి బుద్ధెరిగాక నా చొక్కా నేను ఉతుక్కున్నవాణ్ణి కాదు. పసుపు పోలేదు సరికదా, ఎర్రగా మారి అరచేయంత పాకింది. అప్పటికే బడిపిల్లలు వరసల్లో వస్తున్నారు. తడి జెండానే మడిచి, గులాబీ రేకులు పోసి కట్టేశాను. ఎవరైనా చూసినా రేకు అంటుకుందనుకుంటారులే అనుకున్నాను. మరక ఉన్న జెండా ఎగరేయకూడదని నాకంటే బాగా తెలిసినవాడు ఆ ఆఫీసులో లేడు. కానీ ఆ గంట ఎలాగో గడిచిపోతే చాలనిపించింది.

జెండా విప్పగానే రేకులు రాలాయి, మరక మాత్రం అలాగే ఉంది. జనగణమన పూర్తయ్యీ కాకముందే వెనక గుసగుసలు. ఒకడు రక్తమన్నాడు, ఇంకొకడు ఎర్రజెండా వాళ్ళ పనన్నాడు. పల్నాడులో ఎర్రగా ఏది కనపడినా జనానికి ముందు నెత్తురే గుర్తొస్తుంది.

ఆఫీసరు గోపాలకృష్ణయ్యగారు జెండా దింపించి, నన్ను గదిలోకి పిలిచారు.

"ఎవరి పనిది?"

చెబుదామనే అనుకున్నానో లేదో నాకిప్పటికీ తెలియదు. ఈలోగా నాగేంద్రమ్మ గుమ్మంలోంచి అంది, "నేనేనయ్యా. పసుపు పెట్టా."

"పసుపైతే ఎర్రగా ఉందేం?"

ఆమె ఒక్క క్షణం నావైపు చూసింది. "నా చేతికి ఏం అంటుకుందోనయ్యా. పెట్టింది మాత్రం నేనే."

"మెమో రాయండి, రామబ్రహ్మంగారూ. ఆ పర్మినెంటు ఫైలు వెనక్కి పంపేయండి."

రాశాను. నా దస్తూరీ బాగుంటుందని ఆఫీసంతా పేరు.

మర్నాడు మెమో అందినట్టు ఆమెచేత వేలిముద్ర వేయించుకోవాలి. ఏం రాశారో చదవమంది. చదివాను. "జాతీయ పతాకమునకు అగౌరవము కలిగించినందున..."

"అగౌరవమంటే ఏందయ్యా?"

"మర్యాద ఇవ్వకపోవడం."

"పసుపు పెట్టకుండా ఎగరేస్తే గదా అట్టా అనాల్సింది" అంది. వాదించడానికి కాదు, నిజంగానే అర్థంకాక.

వేలిముద్ర వేసి, బొటనవేలు తలకు తుడుచుకుంది.

"ఊరకే ఎండలో ఆరేస్తే రెండు రోజులకి పోయేదయ్యా. సబ్బు తగిలితేనే పసుపు ఎర్రబడుద్ది. మగోళ్ళు, మీకేం తెలుసు."

అడిగాను, "తెలిసి కూడా అయ్యగారికి చెప్పలేదేం?"

"చెప్తే మాత్రం నాకొచ్చేదేముంది? పసుపు పెట్టింది నేనేగా, నాది ఎట్టాగూ పోయేదే. మీకుండేది నాలుగు నెలలు. ఇద్దరిదీ పోవడమెందుకని."

చీపురు అందుకుని నా బల్ల దగ్గరకు వంగింది.

"కాళ్ళు పైకి పెట్టుకోండయ్యా, కింద ఊడవాలి."

సిగ్గుతో చచ్చిపోయాను. ఆఫీసరు గది పది అడుగుల దూరంలోనే ఉంది, తలుపు తీసే ఉంది. నేను లేవలేదు. కాళ్ళు పైకి పెట్టుకున్నాను.