భువనక్క వేసిన ఎర్తు

కరోనా వచ్చి, తమిళ ఊళ్లో ఉన్న మా కాలేజీ మూతపడి ఆరు నెలలైంది. పాఠాలు మాత్రం ఇళ్ల నుంచి నడుస్తూనే ఉన్నాయి. ఆ సెప్టెంబరులో మేనేజ్‌మెంటు నుంచి ఒక ఉత్తరం వచ్చింది. ఇళ్ల నుంచి పనిచేస్తున్న సిబ్బంది ఆరోగ్యం, భద్రత, సెలవురోజుల కార్యక్రమాలు చూసుకోవడానికి ఒక కమిటీ వేయాలట. ప్రిన్సిపాల్ ఈశ్వరన్ గారు వెంటనే వేశారు. గూగుల్ ఫారాలు తయారుచేయడం వచ్చు గనుక, లెక్కలు చెప్పే నన్ను కార్యదర్శిని చేశారు. ఆటలు నేర్పే పళనివేల్ సారు ఒక సభ్యుడు. పాఠాలు చెప్పనివాళ్లలో కూడా ఒకరుండాలని ఉత్తరంలో రాసి ఉండటంతో ఎలక్ట్రికల్ ల్యాబ్ టెక్నీషియన్ భువనేశ్వరి పేరు చివర చేర్చారు.

ఆమెను అందరూ భువనక్క అనేవారు. యాభై నాలుగేళ్ల మనిషి. చీర మీద కాకీ కోటు వేసుకుని, పందొమ్మిదేళ్లుగా ఆ ల్యాబ్‌లో పిల్లల వెనకాలే నిలబడి ఉండేది. ఆ పందొమ్మిదేళ్లలో ఒక్క విద్యార్థికీ షాకు కొట్టలేదు.

మొదటి మీటింగు ఫోన్లలోనే జరిగింది. పొద్దున యోగా పెట్టాలని ఒకరు, నవ్వుల క్లాసు పెట్టాలని ఒకరు, ఆయుధపూజ సెలవుల్లో పాటల పోటీ పెట్టాలని మరొకరు అన్నారు. నేను అన్నీ రాసుకున్నాను. ముగించబోతుండగా భువనక్క గొంతు వినిపించింది. తమిళంలో నెమ్మదిగా అడిగింది.

"అందరూ ల్యాప్‌టాప్ ఎక్కడ గుచ్చుతున్నారు సార్?"

ఈశ్వరన్ గారికి అర్థం కాలేదు.

"ల్యాబ్‌లో అయితే ఎర్తు ఉంటుంది. కరెంటు లీకైతే తనంతట తనే ఆపేసే ట్రిప్ స్విచ్ ఉంటుంది. కాళ్ల కింద రబ్బరు చాప ఉంటుంది. ఇప్పుడు కాలేజీ తొంభై ఇళ్లకు పోయింది. ఆ ఇళ్లలో వైరింగు ఎవరు చూశారు? ఇంకో నెలలో వానలొస్తాయి."

"జాగ్రత్తలు రాసి ఒక పీడీఎఫ్ పంపుదాంలే అమ్మా," అన్నారు ఆయన.

"చదువుతారు సార్. కానీ గోడలో ఏముందో చదివితే తెలియదు. టెస్టర్ పెట్టి చూడాలి. నేనే పోయి చూస్తాను."

రోగం ఊరంతా తిరుగుతున్న రోజులవి. ఇళ్లకు పోవడమంటే ఎవరికైనా భయమే. మాస్కు వేసుకుని, ఎవరినీ ముట్టుకోకుండా, పిలిచిన ఇంటికే పోతానని ఆమె మాట ఇచ్చింది. ప్రిన్సిపాల్ ఒప్పుకుని, ల్యాబ్‌లో మిగిలి ఉన్న స్విచ్చులు, తీగలు వాడుకోమని ఉత్తరం కూడా రాసిచ్చారు. నేను ఫారం తయారుచేసి అందరికీ పంపాను. తొంభై మందిలో పదకొండు మందే నింపారు. ఇంటి లోపలి సంగతి బయటివాళ్లకు చూపించడం ఎవరికి ఇష్టం ఉంటుంది? నేనూ నింపలేదు.

రెండోరోజు నాకు ఫోన్ వచ్చింది.

"ఫారం చేసింది మీరే కదా మేడం. అందులో మీ పేరే లేదు," అంది భువనక్క, తమిళంలోనే.

నేను ఏదో సర్దిచెప్పబోతుంటే కింద నుంచి నాన్న కేక వేశాడు. "కృత్తికా, ఎవురమ్మా ఫోన్ల?"

వెంటనే ఆమె మాట తెలుగులోకి మారింది, ‘బిడ్డా’ అనడానికి ‘కన్ను’ అనే తమిళ మాట మాత్రం మిగిలింది.

"మీ ఇంట్ల తెలుగా? నాలుగేండ్లు నాతో తమిళంలోనే మాట్లాడినావే కన్ను. సరి, రేపు పొద్దున వొస్తాను. ఇంట్ల చెప్పిపెట్టు."

మా ఇల్లు పోదనూరులో, పాత రైల్వే కాలనీ వెనక వీధిలో. మేడ మీద రేకుల గది ఒకటి ఉంది. అదే నా తరగతి. నీళ్ల మోటారు స్విచ్ దగ్గర నుంచి ఒక తీగ లాగి, ఇనుప మేజ మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని రోజుకు పద్నాలుగు గంటలు కూర్చునేదాన్ని. నెల రోజులుగా నా ముంజేతుల్లో చిమచిమ మొదలైంది. మేజ మీద చేతులు ఆనించి రాస్తుంటే చీమలు పాకినట్టుండేది. మా అమ్మకు పక్షవాతం రాకముందు చెయ్యి ఇలాగే తిమ్మిరెక్కేది. ఆమె పోయి మూడేళ్లు. నెట్‌లో వెతికితే నరాల జబ్బుల పేర్లన్నీ వచ్చాయి. నాన్నకు చెప్పలేదు. ఆస్పత్రికి పోవాలన్నా ఆ రోజుల్లో భయమే. క్లాసు అయ్యాక రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, వేళ్లు సరిగా ముడుచుకుంటున్నాయా లేదా అని చూసుకుంటూ కూర్చునేదాన్ని.

భువనక్క టీవీఎస్ ఫిఫ్టీ మీద వచ్చింది. తాగే నీళ్లు తనే తెచ్చుకుంది. చెప్పులు మెట్ల దగ్గర విప్పి, సంచిలో నుంచి రబ్బరు చెప్పులు తీసి తొడుక్కుంది. గదిలోకి వచ్చింది. తీగ ఎక్కడి నుంచి ఎక్కడికి పోతోందో వేలితో చూపించుకుంటూ నడిచింది. మేజ దగ్గర వంగి, టెస్టర్ మొనను దాని అంచుకు ఆనించింది. టెస్టర్‌లో చిన్న నారింజ రంగు దీపం వెలిగింది.

"కన్ను, ఈడ చెయ్యి పెట్టి రాస్తావా నువ్వు?"

"అవునక్కా."

"చేతులు చిమచిమ అంటాయా?"

తలూపాను.

"ఎన్నాళ్లుగా?"

"నెలైంది. అమ్మకు వచ్చినట్టే నాకూ వస్తోందనుకున్నాను."

ఆమె టెస్టర్ పక్కన పెట్టి నా మొహం చూసింది. "నీకేమీ లేదు. మేజకు కరెంటు వొస్తా ఉండాది. మేజ కాలికి ఒరుసుకోని తీగ తోలు పొయ్యింది. జబ్బు మేజకే గాని నీకు లేదమ్మా."

నేను మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. నెల రోజుల భయం అలా పోయింది. పైకి వచ్చిన నాన్నకు విషయం తెలిసి, మేజ కాళ్లకున్న రబ్బరు తొడుగుల్ని, ఇన్నాళ్లూ నన్ను కాపాడిన నా కాళ్ల చెప్పుల్ని, పైనున్న రేకుల్ని ఒకటొకటిగా చూశాడు. వాన పడి గది తడిసి ఉంటే ఏమయ్యేదో ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

ఆ రోజు మధ్యాహ్నం దాకా ఆమె మా ఇంట్లోనే ఉంది. మా ఇంటి ఎర్తు తీగ ఎప్పుడో తెగిపోయిందట. కొళాయి పక్కన నేల మెత్తగా ఉన్నచోట నాన్న గొయ్యి తవ్వాడు. అందులో ఇనుప గొట్టం దింపి, చుట్టూ బొగ్గు ఒక వరస, ఉప్పు ఒక వరస పోసి, నీళ్లు వదిలారు. భువనక్క మేజ దగ్గరి తీగ మార్చి, మీటరు దగ్గర ట్రిప్ స్విచ్ బిగించింది. పోయేముందు నన్ను ఒక మాట అడిగింది.

"పొద్దున ఎన్నింటికి కూర్చుంటావు? ఎన్నింటికి లేస్తావు?"

"ఎనిమిదికి కూర్చుంటాను. లేచేసరికి రాత్రి పది దాటుతుంది. పేపర్లు దిద్దాలి కదక్కా."

"ఆదివారం?"

"ఆదివారం మీటింగు ఉంటుంది."

ఆమె సంచిలోని నోటుబుక్కులో రాసుకుంది.

మరుసటి వారం నుంచి శని, ఆదివారాల్లో మీటింగులు అయ్యాక నేనూ ఆమె వెంట తిరిగాను. నా సంగతి నేనే గ్రూపులో రాసేసరికి ఫారాలు ఒక్కసారిగా పెరిగాయి. కొందరి ఇళ్లలో చోటే లేదు. మిల్లు క్వార్టర్సులో ఒక టీచరు మెట్ల కింద గ్యాస్ సిలిండరు పక్కన కూర్చుని పాఠం చెబుతోంది. ఫిజిక్స్ హెడ్ ఇంట్లో ఎర్తే లేదు. ఆయన సిగ్గుపడి నవ్వాడు. భువనక్క నవ్వలేదు, గొయ్యి ఎక్కడ తవ్వాలో చూపించింది. ఏ ఇంట్లోనూ ఇల్లు చిన్నదనో పాతదనో ఒక్క మాట అనేది కాదు. గోడలు చూసేది, తీగలు చూసేది. చివర అందరినీ అదే ప్రశ్న అడిగేది, ఎన్నింటికి కూర్చుంటారు, ఎన్నింటికి లేస్తారు అని. ఆ ప్రశ్నకు జవాబు చెబుతూ ముగ్గురు నలుగురు కళ్లు తుడుచుకోవడం నేను చూశాను. అంతవరకూ వాళ్లను ఎవరూ ఆ మాట అడగలేదు.

చరిత్ర చెప్పే చిన్నయ్యరాజా సారు మాత్రం ఫారం నింపలేదు. ఆయన భార్య చిత్ర నింపింది. మేం పోయేసరికి ఆయన గుమ్మంలో అడ్డంగా నిలబడి, "మా ఇంట్ల అంతా సరిగానే ఉండాది," అన్నాడు.

"ఉంటే మంచిదే సార్. ఒక స్విచ్ పెట్టి పోతాను, అంతే," అంది భువనక్క. పెట్టింది.

అక్టోబరు నడిమికి నలభై ఒక్క ఇళ్లు పూర్తయ్యాయి. ఆయుధపూజ సెలవులు దగ్గరపడ్డాయి. మళ్లీ మీటింగు, ఈసారి వీడియోలో. ఈశ్వరన్ గారు కార్యక్రమం చదివారు. పూజ రోజు పొద్దున ఏడింటికి యోగా, పదకొండుకు ముగ్గుల పోటీ, మూడింటికి పాటలు, అయిదింటికి బహుమతులు. అందరూ కెమెరా పెట్టుకుని కూర్చోవాలి, హాజరు తీసుకుంటారు, ఫోటోలు మేనేజ్‌మెంటుకు పోతాయి.

భువనక్క నోటుబుక్కు తెరిచింది. "సార్, నలభై ఒక్క ఇళ్లు చూశాను. ముప్పై మూడు ఇళ్లలో ఆదివారం లేదు. ఆగస్టు నుంచి ఒక్క దినం కూడా మిషను ఆపలేదు."

"అందుకే కదా ఈ వినోదం," అన్నారు ఈశ్వరన్ గారు.

"అదీ మిషను ముందరే కదా సార్. మన ల్యాబ్‌లో ఏటా ఏం చేస్తాం? మెయిన్ ఆపేసి, బోర్డుకు గంధం, కుంకుమ పెడతాం. మర్నాడు విజయదశమి పూజ అయ్యేదాకా ఎవరూ ముట్టుకోరు. ఈ ఏడాది మన పనిముట్లు ఇళ్లలో ఉన్నాయి. ఇళ్లలోనే పూజకు పెట్టనివ్వండి. పూజ లేనివాళ్లు ఊరికే ఆపి పెడతారు. ఆ ఒక్క దినం ఏ ప్రోగ్రామూ వద్దు."

ఈశ్వరన్ గారి ముఖం బిగుసుకుంది. "మేనేజ్‌మెంటుకు నేనేం పంపాలి? ఏమీ చేయలేదని రాయనా?"

"ఆపేముందు తలా ఒక ఫోటో పంపుతారు. అవి పంపండి సార్."

అప్పుడు పళనివేల్ సారు గొంతు సవరించుకున్నాడు. "సార్, తొంభై మందికి యోగా చెప్పమన్నారు, చెబుతాను. కానీ నేను నడవడానికి బయటికి పోయి నెలైంది. ఆ దినం నాకూ వదిలేయండి."

ఈశ్వరన్ గారు మైకు ఆపడం మరిచినట్టున్నారు. ఆయన వెనక నుంచి ఒక ఆడగొంతు తమిళంలో మామూలుగా అంది. "ఆ అమ్మ చెప్పేది సరే కదండీ. మీరూ ఒక పూట నాతో కూర్చుని అన్నం తిని ఎన్నాళ్లయింది."

ఆయన చేతిలోని కార్యక్రమం కాగితం మడిచారు. చివరికి, "సరి, అలాగే కానివ్వండి," అన్నారు.

పూజకు ముందురోజు సాయంత్రం నుంచే ఫోటోలు రావడం మొదలైంది. చామంతిపూలు చుట్టిన ల్యాప్‌టాప్‌లు, బొట్టు పెట్టిన ఫోన్ స్టాండులు. మెట్ల కింద కూర్చునే టీచరు తన ఎక్స్‌టెన్షన్ బాక్సుకు కూడా పసుపు రాసింది. ఎనిమిదింటికల్లా గ్రూపు సద్దుమణిగింది. మరునాడు పొద్దున నాన్న, నేను పెరట్లో కూర్చుని కాఫీ తాగుతూ అమ్మ గురించి మాట్లాడుకున్నాం. ఆమె పోయాక అంత సేపు మాట్లాడుకోవడం అదే మొదలు.

పదిన్నరకు వాన పట్టుకుంది. కాసేపటికి భువనక్క ఫోన్.

"కన్ను, నా బండి తడిసి స్టార్టు కాలేదు. నీ స్కూటర్ తీసుకోని రా. చిన్నయ్యరాజా సారు ఇంటికి పోవాల."

తడుస్తూనే వెళ్లాం. చిత్ర వాకిట్లోనే నిలబడి ఉంది. వడలకు పిండి రుబ్బుతుంటే ట్రిప్ స్విచ్ రెండుసార్లు పడి కరెంటు పోయిందట. స్విచ్చే చెడిపోయిందనుకుని, దాన్ని తప్పించి మోటారు లైను నుంచి తీగ కలపబోయాడట సారు. ముందు భువనక్కను అడగండి అని చిత్ర ఆయన చెయ్యి పట్టుకుని ఆపింది.

వంటింటి నేలంతా తడి. సారు తల్లి వేంకటలక్ష్మమ్మ గ్రైండర్ పక్కనే వట్టి కాళ్లతో నిలబడి ఉంది. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి. "గ్రైండర్ కుండ పట్టుకుంటిని, టక్‌మని నిలిచిపొయ్యె. చెయ్యి జివ్వుమనె," అంది.

భువనక్క ఆమెను పీట మీద కూర్చోబెట్టింది. ప్లగ్గు పీకి గ్రైండర్ పక్కకు పడుకోబెట్టి అడుగు మూత విప్పింది. ఎలుక కొరికిన తీగ లోపలి ఇనుముకు తగులుతోంది. ఆ తీగను చిన్నయ్యరాజా సారుకు చూపించింది. సారు తీగను చూశాడు, తడి నేలను, తల్లి పాదాలను చూశాడు. తలుపు పట్టుకుని నెమ్మదిగా గడప మీద కూర్చుండిపోయాడు.

"మీరు ఆ దినం గుమ్మంలో నిలబడి పోమంటే పొయ్యేదాన్ని సార్," అంది భువనక్క. "పోనిచ్చినారు. అదే చాలు."

వేంకటలక్ష్మమ్మకు ఆమె సంచి కనిపించింది. దాని మీద తడిసిన కుంకుమ బొట్టు ఉంది. "పూజకు పెట్టింది తీసినావా?" అని అడిగింది.

"తియ్యక తప్పలేదమ్మా."

పెద్దావిడ లేచి కొంగుతో సంచి తుడిచి, కొత్తగా బొట్టు పెట్టింది. పాత రుబ్బురోలు కడిగి మిగిలిన పప్పు రుబ్బమని కోడలికి చెప్పింది. మమ్మల్ని పోనివ్వలేదు. వరండాలో మేం ఒక చివర, వాళ్లు ఒక చివర కూర్చున్నాం. వడలు వచ్చేసరికి మధ్యాహ్నం రెండైంది. వాన ఆగలేదు. తన పుట్టినిల్లు కంబం పక్కన అని, చిన్నప్పుడు అక్కడ కరెంటే లేదని పెద్దావిడ చెబుతుంటే భువనక్క కాళ్లు చాపుకుని వింది. ఆమె అంతసేపు ఏ పనీ చేయకుండా కూర్చోవడం నేను అప్పుడే చూశాను.

సోమవారం విజయదశమి. ఆ వారంలోనే ఈశ్వరన్ గారు అందరికీ ఉత్తరం పంపారు. ఆదివారాలు మీటింగులు ఉండవని, రాత్రి ఏడు దాటాక ఎవరూ ఎవరికీ పని సందేశాలు పెట్టకూడదని అందులో ఉంది. డిసెంబరు మొదటి వారానికి తొంభై ఇళ్లూ పూర్తయ్యాయి. ఆఖరున ఆమె ఇంకో పట్టిక తెచ్చింది. ఇంటి నుంచి పనిచేసేవాళ్లు కారని మా ఫారంలో చేర్చని ఊడ్చేవాళ్లు, కాపలావాళ్లు, పద్నాలుగు మంది పేర్లు.

"వీళ్లకు ఫారం వద్దు కన్ను," అంది. "మనమే పోతాం."

స్కూటర్ తాళం తీసుకుని నేను ఆమె వెంట బయలుదేరాను.